లోపల కూర్చుని మార్కులేసేదెవరు?

మిత్రులారా, ఈ వారం ఊరి బావుల చరిత్ర రాస్తానన్నాను. అది వచ్చే వారానికి జరిగింది. మధ్యలో ఒక సంగతి అడ్డం పడింది, ముందు దాని గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. కాస్త పొడుగు, ఓపిక చేసుకోండి.

పోయిన ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో స్టడీ సర్కిల్ పెట్టుకున్నాం. నలభై మంది దాకా వచ్చారు. ఈ మధ్యే ఎం.ఏ. పూర్తి చేసిన ఒక చెల్లి కౌలు రైతుల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడింది. పొలం దున్నేది ఎవరు, పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది, నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడుతోంది అని మూడు ప్రశ్నలు పెట్టుకుని మూడింటికీ మన ఊళ్ళ నుంచే జవాబులు చెప్పింది. వెనక వరసలో బీడీ కాల్చుకోడానికి లేచిన పెద్దాయన ఆ మాటలకి మళ్ళీ కూర్చున్నాడు. నేను చూశాను.

మీటింగ్ అయ్యాక ఆమె వరండాలో ఒక్కతే నిలబడి ఏడుస్తోంది.

"పాడు చేసేశానన్నా. గొంతు వణికింది. చేతిలో కాగితం ఊగిపోయింది. అందరూ చూశారు. మన వాళ్ళ ముందే ఇట్లా అయితే అక్కడ ప్రొఫెసర్ల ముందు ఏం మాట్లాడతాను? నేను ఇంటర్వ్యూకి పోను."

అక్కడ అంటే పీహెచ్‌డీ ఇంటర్వ్యూ. వచ్చే గురువారం.

నాకు ఆ గొంతు వణకడం వినపడలేదు. కాగితం ఊగడం కనపడలేదు. ఇద్దరం ఒకే హాల్లో, ఒకే ఇరవై నిమిషాలు ఉన్నాం. నేను చూసిన ఉపన్యాసం ఒకటి, ఆమె చూసింది ఇంకొకటి. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఇవాళ్టి వ్యాసం.

ఈ విషయం నాకు పుస్తకాల్లో దొరకలేదు, ముందు నా ఒంటి మీదే తెలిసింది. చాలా ఏళ్ళ కిందట ఒక సెమినార్లో పేపర్ చదివాను. నేను మూడో పేజీలో ఉండగా ముందు వరసలో ఒకాయన చేతి గడియారం చూసుకున్నాడు. అంతే. మిగతా పేజీలు ఎట్లా చదివానో నాకే గుర్తు లేదు. ఆ రాత్రి ఆ గడియారం నాకు ఇరవై సార్లు కనపడింది. తర్వాత రెండేళ్ళు ఏ సెమినార్ గడపా తొక్కలేదు. ఆ రోజు నా పక్కన కూర్చున్న క్లాస్‌మేట్ ఒకసారి మాటల్లో, "నువ్వు చదివిన దాంట్లోంచి నేను రెండు పాయింట్లు నోట్సు రాసుకున్నా" అన్నాడు. నేను నమ్మలేదు. ఓదారుస్తున్నాడనుకున్నాను. మెచ్చుకోలు అబద్ధంగా, గడియారం నిజంగా ఎందుకు అనిపిస్తుంది?

1992లో రాపీ, లిమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు అచ్చు వేశారు. నలుగురిలో మాట్లాడాలంటే విపరీతంగా భయపడేవాళ్ళు 28 మంది, అట్లాంటి భయం లేనివాళ్ళు 33 మంది. ఒక్కొక్కరూ చిన్న గుంపు ముందు అప్పటికప్పుడు కాసేపు మాట్లాడాలి. తర్వాత తమకి తామే మార్కులు వేసుకోవాలి, తోటివాళ్ళకీ వేయాలి. దాదాపు అందరూ తమకి తాము తక్కువే వేసుకున్నారు. చూసినవాళ్ళు వేసిన మార్కులకీ సొంత మార్కులకీ మధ్య తేడా మాత్రం భయస్తుల్లో బాగా ఎక్కువ.

ఇందులో రెండు విషయాలు నాకు ముఖ్యం. ఒకటి, ఆ భయస్తులు ఇతరులకి మార్కులు వేసేటప్పుడు మిగతావాళ్ళలాగే న్యాయంగా వేశారు. అంటే వాళ్ళకి తూకం తెలియక కాదు. తమ దగ్గరికొచ్చేసరికే తక్కెడ ఒక పక్కకి వంగిపోతోంది. రెండు, "గొంతు స్పష్టంగా ఉందా" లాంటి విడి ప్రశ్నల దగ్గర తేడా తక్కువ. "మొత్తం మీద ఎట్లా మాట్లాడారు" అనే ప్రశ్న దగ్గర తేడా ఎక్కువ. వివరం అడిగితే మనిషి కాస్త నిజం చెబుతాడు. తీర్పు అడిగితే తనని తాను ఉరి తీసుకుంటాడు. ఈ రెండో విషయం గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

మరి ఆ తక్కెడ ఎందుకు వంగుతుంది? 1995లో క్లార్క్, వెల్స్ అనే ఇద్దరు ఒక వివరణ ఇచ్చారు. భయస్తుడు మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళని చూడడు. తన గుండె దడని, అరచేతి చెమటని, ఎండిపోయిన నాలుకని వింటాడు. వాటన్నిటితో తన బొమ్మ తానే గీసుకుంటాడు, బయట నిలబడి ఎవరో తనని చూస్తున్నట్టు. లోపల ఎంత దడగా ఉందో బయటికి అంత వికారంగా కనపడుతున్నాననుకుంటాడు. 2000లో హాక్‌మన్ అనే పరిశోధకురాలు, మరో ఇద్దరు ఆ బొమ్మ ఎప్పటిదని అడిగారు. చాలామందిలో అది పాతది. ఎప్పుడో చిన్నప్పుడో, వయసొచ్చే రోజుల్లోనో జరిగిన ఒక అవమానానికి ముడిపడి ఉంది. మనిషి పెరిగాడు, ఫొటో మాత్రం మారలేదు.

అక్కడే నేను పుస్తకం మూశాను. ఎందుకంటే మన దగ్గర ఆ ఫొటో ఒక్క మనిషిది కాదు. దానికి ఊరు ఉంది, తేదీ ఉంది.

1901. సతారా నుంచి తొమ్మిదేళ్ళ పిల్లవాడు తోటి పిల్లలతో కలిసి నాన్న దగ్గరికి రైల్లో బయల్దేరాడు. కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త బూట్లు. మసూర్ స్టేషన్లో దిగారు. నాన్న పంపిన మనిషి రాలేదు. స్టేషన్ మాస్టర్ వచ్చి ఆప్యాయంగా ఎవరు బాబూ మీరు అని అడిగాడు. బట్టలు చూసి బ్రాహ్మల పిల్లలనుకున్నాడు. పిల్లవాడు ఏమీ ఆలోచించకుండా మేం మహార్లం అన్నాడు. ఆ పెద్దమనిషి ముఖం మారిపోయింది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. బండివాళ్ళు రెట్టింపు కిరాయి ఇస్తామన్నా ముందుకు రాలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు, బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానన్నాడు. రాత్రి టోల్ వసూలు చేసేవాడి గుడిసె దగ్గర, ఈసారి ముస్లింలమని చెప్పి, మంచి ఉర్దూలో నీళ్ళడిగారు. అయినా దొరకలేదు. గంపలో అన్నం ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. తినకుండానే పడుకున్నారు.

ఆ పిల్లవాడు బాబాసాహెబ్ అంబేద్కర్. 1930ల్లో ఆయన రాసుకుని, 1990లో 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' పేరుతో అచ్చయిన చిన్న పుస్తకంలో ఇదే మొదటి సంఘటన. మూడు దశాబ్దాలు దాటాక కూడా ఆయనకి ఆ టోపీల మెరుపు గుర్తుంది, ఆ ముఖం మారడం గుర్తుంది.

ఇప్పుడు ప్రయోగశాల భాషలో అడుగుతాను. మసూర్ స్టేషన్లో ఆ పిల్లవాడు ఎట్లా మాట్లాడాడు? తడబడలేదు. మర్యాద తప్పలేదు. బట్టలు శుభ్రం. ఏ ప్రశ్నకి ఎన్ని మార్కులు వేసినా పాసే. ఒక్క మాటతో ఫెయిలయ్యాడు. ఆ మాట ఆయన పనితనం గురించినది కాదు, పుట్టుక గురించినది. టోల్ దగ్గర మాట మార్చి చూశాడు, భాష మార్చి చూశాడు, అక్కడా అంతే. బాగా మాట్లాడితే మంచి మార్కులు వస్తాయన్న లెక్క తొమ్మిదో ఏటే తెగిపోతే, ఆ తర్వాత ఎవరైనా "నువ్వు బాగా మాట్లాడావు" అంటే ఎట్లా నమ్ముతాం? నా క్లాస్‌మేట్ మాట నేను నమ్మకపోవడం, చెల్లి నా మాట నమ్మకపోవడం పిచ్చితనం కాదు. అది నేర్పిన పాఠం.

ఎట్లా నేర్పారో కూడా చూద్దాం. క్లార్క్, వెల్స్ ఇంకో మాట చెప్పారు. భయస్తులు ఆపద రాకుండా కొన్ని జాగ్రత్తలు పాటిస్తారు. కళ్ళలోకి చూడరు, గొంతు తగ్గిస్తారు, వాక్యం లోపల పదిసార్లు అనుకుని పైకి ఒకసారి అంటారు, వీలైనంత తక్కువ మాట్లాడి బయటపడతారు. గండం గడిచాక, ఆ జాగ్రత్తల వల్లే బతికానని అనుకుంటారు. అందుకే భయం పోదు.

ఈ జాబితా చదువుతుంటే నాకు మా తాత కనపడ్డాడు. పెద్దోళ్ళ బజార్లోకి అడుగు పెట్టగానే ఆయన చెప్పులు చేతిలోకి వచ్చేవి. భుజం మీద కండువా నడుముకి దిగేది. అయ్యా అనకుండా వాక్యం మొదలయ్యేది కాదు. అడిగినదానికే జవాబు, అదీ నేల చూస్తూ. సైకాలజీ పుస్తకంలో జబ్బు లక్షణంగా రాసింది మా తాతకి ఊరు పెట్టిన చట్టం. ఒక తేడా ఉంది. పుస్తకంలోని మనిషికి జాగ్రత్త అనవసరం. మా తాతకి అవసరమే. కళ్ళెత్తి చూస్తే దెబ్బలు పడేవి. ఆయన భయం లెక్క తప్పలేదు.

లెక్క నా దగ్గర తప్పింది. కండువా పోయింది, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి, కానీ మైకు ముందు నిలబడగానే కళ్ళు కాగితంలోకి దిగిపోతాయి. చట్టం పోయింది, దాన్ని అమలు చేసే పోలీసు మాత్రం లోపలే కాపురం పెట్టాడు.

"అందరికీ స్టేజి భయం ఉంటుంది, దీంట్లోకి కులం తెస్తావేంటి" అని కామెంట్ పెట్టబోతున్న మిత్రులకి ఒక మాట. భయం అందరికీ ఉంటుంది, ఒప్పుకుంటాను. గాంధీ గారికీ ఉంది. లండన్లో బారిస్టరై 1891లో తిరిగొచ్చాక బొంబాయి చిన్న కోర్టులో ఆయన మొదటి కేసు. సాక్షిని అడ్డప్రశ్నలు వేయడానికి లేచారు. తల తిరిగింది, నోట మాట రాలేదు. కూర్చుండిపోయి, వేరే వకీలుని పెట్టుకోమని 30 రూపాయల ఫీజు వదిలేసుకున్నారు. ఇది ఆయనే ఆత్మకథలో దాచుకోకుండా రాశారు. ఆ బిడియం వల్లే తనకి మాటల పొదుపు అలవడిందని కూడా రాసుకున్నారు. ఆ బాధ నిజమైనది, నేను వెక్కిరించను.

కానీ ఆయన వెనక దివాను కుటుంబం ఉంది. ఆ రోజు నోరు పెగలకపోతే ఒక కుర్ర బారిస్టరు తడబడ్డాడన్నారు గానీ, వీళ్ళ కులానికి వకీలు పని చేతకాదని ఎవరూ అనలేదు. మన పిల్ల ఇంటర్వ్యూలో అర నిమిషం తడబడితే ఆ అర నిమిషం రిజర్వేషన్ మీద ఉపన్యాసమైపోతుంది. ఒకరి మౌనం పొదుపైంది, మన మౌనం మెరిట్ లేకపోవడమైంది. అందుకే మన పిల్లలు లేచి నిలబడితే ఒక్క మనిషి బరువుతో నిలబడరు, పేట మొత్తాన్ని నెత్తిన పెట్టుకుని నిలబడతారు. కాగితం ఊగదా మరి?

ఇది నా ఊహ కాదు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పై కులాల అబ్బాయిలు 321 మందిని, దళిత అబ్బాయిలు 321 మందిని కూర్చోబెట్టి చిక్కుదారుల బొమ్మలు ఇచ్చారు. దారి కనిపెడితే డబ్బులు. ఎవరి కులం ఏంటో పైకి చెప్పనప్పుడు ఇద్దరూ సమానం. పేరు, కులం అందరి ముందూ చదివాక దళిత పిల్లలు వెనకబడ్డారు. అవే బుర్రలు, అవే బొమ్మలు. ఇంకో మలుపు ఉంది. డబ్బులు ఎవరికి రావాలో చీటీ తీసి తేల్చే పద్ధతి పెట్టినప్పుడు ఆ తేడా మాయమైంది. మార్కులేసేది మనిషి కాదు, చీటీ అని తెలియగానే పిల్లల చేతులు ఆడాయి. వాళ్ళు భయపడింది బొమ్మకి కాదు, బొమ్మ దిద్దే చేతికి.

ఆ చేతి మీద అనుమానం ఊరికే రాదు. 2006లో ఎయిమ్స్‌లో కుల వివక్షపై ప్రభుత్వం వేసిన థోరట్ కమిటీకి ఎంతోమంది దళిత, ఆదివాసీ విద్యార్థులు చెప్పింది ఇదే, మౌఖిక పరీక్షల్లో తమని ఒకలా, ఇతరులని ఒకలా చూస్తారని. కాబట్టి "నువ్వు ఊరికే భయపడుతున్నావు, అందరూ మంచివాళ్ళే" అని చెల్లికి చెబితే అది అబద్ధం. "అందరూ నిన్ను తొక్కేవాళ్ళే" అని చెప్పినా అబద్ధమే. మరి ఏం చెప్పాలి?

మన పెద్దోళ్ళు ఏం చేశారో చూశాను. హైదరాబాద్‌లో 1906లో మాదరి భాగయ్య అనే 18 ఏళ్ళ కుర్రాడు జగన్మిత్ర మండలి పెట్టాడు. మనం భాగ్యరెడ్డి వర్మ అని పిలుచుకునేది ఆయన్నే. బస్తీల్లో హరికథలు పెట్టించాడు, చర్చలు నడిపించాడు, 1911లో మన్య సంఘం కట్టాడు, మన పిల్లలకి బడులు తెరిచాడు. ఇందులో నాకు కనపడేది ఒకటి. ఆయన మనవాళ్ళకి "ధైర్యంగా ఉండండి" అని చెప్పి ఊరుకోలేదు. ముందు మనవాళ్ళు వినే చోటు కట్టాడు. హరికథ చెప్పేవాడి ముందు దొర లేడు, పేట ఉంది. తప్పు పలికితే నవ్వి సరిదిద్దే పేట. మాట అక్కడ గట్టిపడింది.

పదకొండేళ్ళ తర్వాత, 1917 నవంబర్‌లో, బెజవాడలో పంచమ మహాజన సభ. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. లేచి ఆయన మొదట పట్టుకున్నది సభ పేరునే. పంచములమని మమ్మల్ని ఎవరు పిలిచారు, ఈ నేలకి మొదటివాళ్ళం మేం అన్నాడు. సభ ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. ఆ మూడు రోజులూ, వీళ్ళు ఎక్కడ లోపలికి వస్తారోనని కనకదుర్గమ్మ గుడి మూసేశారని చరిత్రకారులు రాశారు. ఒక్కసారి ఊహించండి. కింద హాల్లో మనవాళ్ళు మైకు కూడా లేకుండా గొంతెత్తి మాట్లాడుతున్నారు. కొండ మీద తలుపులేసుకుని భయపడుతున్నది ఇంకొకరు. పదకొండేళ్ళ సొంత సభలు చేసిన పని అది.

ఇప్పుడు మళ్ళీ బాబాసాహెబ్ దగ్గరికి వస్తాను. 1946 డిసెంబర్ 17, రాజ్యాంగ సభ. నెహ్రూ పెట్టిన లక్ష్యాల తీర్మానం మీద చర్చ. తన ముందు ఇరవై మందికి పైగా ఉన్నారు, వస్తే రేపొస్తుంది తన వంతు అనుకుని ఆయన కూర్చున్నాడు. ఉన్నట్టుండి అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ పేరు పిలిచారు. సభ నిండా ఆయన్ని రాజకీయంగా వ్యతిరేకించినవాళ్ళే. లేచి మొదట ఏమన్నాడో సభ రికార్డులో ఉంది. ఈ పిలుపు నాకు ఆశ్చర్యం, ఏ తయారీ లేకుండా వచ్చాను, మీరిచ్చింది పది నిమిషాలు, ఈ హద్దుల్లో ఈ తీర్మానానికి ఎంత న్యాయం చేయగలనో తెలియదు అన్న అర్థంలో మాట్లాడాడు.

మసూర్ పిల్లవాడికి అప్పటికి 55 ఏళ్ళు. కొలంబియా, లండన్ చూసొచ్చినా ముందు చెప్పింది న్యాయం చేయగలనో లేదో అన్న మాటే. కానీ జాగ్రత్తగా చూడండి. నాకు చేతకాదు అనలేదు. తయారీ లేదు, టైము పది నిమిషాలు అన్నాడు. లోటుకి పేరు పెట్టాడు, కొలత చెప్పాడు, దాన్ని తన పుట్టుకకి అంటించుకోలేదు. తర్వాత మాట్లాడాడు. ఇవాళ మనం చీలిపోయి ఉన్నామని ఒప్పుకుంటూనే, ఈ దేశం ఒకటి కాకుండా ఏదీ ఆపలేదన్నాడు. వ్యతిరేకులే చప్పట్లు కొట్టారు.

రాపీ, లిమ్ ప్రయోగంలో గుర్తు పెట్టుకోమన్నది ఇదే. మొత్తం తీర్పు అడిగితే లోపలి పోలీసు లాఠీ ఎత్తుతాడు. వివరం అడిగితే వాడికి పని ఉండదు.

సోమవారం చెల్లిని పిలిచాను. మీటింగ్ వీడియో నా ఫోన్లో ఉంది. ఊరికే చూస్తే ఆమె మళ్ళీ ఆ పాత ఫొటోనే చూస్తుందని తెలుసు. అందుకని చూసే ముందు ఏమేం కనపడతాయనుకుంటోందో కాగితం మీద రాయమన్నాను. గొంతు వణుకు, కాగితం ఊగడం, ముఖం ఎర్రబడడం, జనం నవ్వడం అని రాసింది. "ఇప్పుడు ఇది నీది కాదు, పక్క కాలనీ పిల్లది అనుకుని చూడు" అన్నాను. నా సొంత తెలివి కాదు, ఈ భయానికి చికిత్స చేసేవాళ్ళు వాడే పద్ధతే.

చూసింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాగితం ఊగిందన్నా, కానీ కొంచెమే. నవ్వలేదు ఎవరూ. రెండో ప్రశ్న దగ్గర పరిగెత్తాను. ఒక చోట లెక్క తప్పు చెప్పాను" అంది.

ఆ లెక్క తప్పు నేను కూడా పట్టుకోలేదు. సరి చేసుకుంది.

ఇంటర్వ్యూ గురువారం. బల్లకి అవతల ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. న్యాయంగా వేసేవాళ్ళూ ఉండొచ్చు, గడియారం చూసుకునేవాళ్ళూ ఉండొచ్చు. వాళ్ళ మార్కులు వాళ్ళ చేతిలో. కానీ బయటికొచ్చాక రాత్రంతా లోపల కూర్చుని మార్కులేసే కుర్చీ మనది. అందులో మన ఊరి పాత పెద్దమనిషిని ఇంకా ఎందుకు కూర్చోబెట్టాలి?

ఇల్లు దాటలేనంత, తిండి తినలేనంత భయం ఉన్నవాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. దీనికి చికిత్స ఉంది, సిగ్గు పడేది ఏమీ లేదు. మిగతావాళ్ళు మీ పేటలో నెలకొకసారి నలుగురిని కూర్చోబెట్టి మన పిల్లల చేత మాట్లాడించండి. అయ్యాక "ఎట్లా మాట్లాడాను" అని అడిగితే "బాగుంది" అని తప్పించుకోకండి. ఏది బాగుందో, ఎక్కడ పరిగెత్తిందో, ఏ లెక్క తప్పిందో చెప్పండి.

మీ గడియారం కథలు కింద రాయండి. వచ్చే వారం బావులు.

జై భీమ్.